నిలబడ్డ రోజులు

ఫిబ్రవరి 9

డాక్టరమ్మ రాయమంది కనుక రాస్తున్నాను. లేకపోతే నాకు డైరీ ఎందుకు, నేనేమైనా మంత్రినా.

ఇది పోయినేటి డైరీ. తోలు అమ్మే కొట్టువాళ్లు ఇచ్చారు. ఒక్క పేజీ కూడా తెరవలేదు. తారీఖులు సరిపోతాయి, వారాలు కలవవు. వారాలతో నాకేం పని? జీనులు బాగుచేయించుకునేవాళ్లు ఆదివారం కూడా తలుపు తడతారు.

రోజూ సాయంత్రం ఒక గుర్తు పెట్టాలట. ఆ రోజు మాస్టారికి బాగా గడిస్తే టిక్కు, లేకపోతే ఇంటూ. "ఇది నాకోసం కాదమ్మా, మీకోసం. ఏ వారంలోనైనా టిక్కుల కన్నా ఇంటూలు ఎక్కువైతే నాకు ఫోన్ చేయండి" అంది. ఫోన్ చేసి ఏం చెప్పమంటారు అని అడిగాను. తన సంచి జిప్పు లాక్కుంది. తెలియక అడగలేదు నేను. ఆ మాట ఆమె నోటితోనే అనిపిద్దామని చూశాను. అనలేదు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, కానీ గట్టి పిల్ల.

జబ్బు గిట్టల్లో ఉంది. ముందుకాళ్ల గిట్టల లోపల ఎముక కిందికి జారుతోందట, ఫొటో తీసి చూపించింది. ముసలితనంలో ఒంట్లో ఏదో గ్రంథి చెడితే అది కాళ్లకు దిగిందట. ఎండాకాలంలో కూడా బొచ్చు రాలకపోవడం దానివల్లేనట. నేనేమో ఈ వయసులో కూడా ఎంత ఒత్తుగా ఉందో అని మురిసిపోయాను. మందుతో నొప్పి తగ్గుతుంది, జబ్బు తగ్గదు. ఈ ముక్క రెండుసార్లు చెప్పింది. నాకు మొదటిసారే వినపడింది.

మాస్టారికి ముప్పై ఒకటో ఏడు. పొట్టి జాతి గుర్రం, వీపు నా నడుము దాటి కొంచెం పైకి వస్తుంది. మా ఆయన పిల్లలకు స్వారీ నేర్పే బడి నడిపినన్నాళ్లూ ప్రతి పిల్లకూ మొదటి పాఠం ఈయన మీదే. ఏడుస్తూ ఎక్కినవాళ్లు నవ్వుతూ దిగేవాళ్లు. మరీ నవ్వుతూ ఎక్కినవాళ్లు బురదలోకి దిగేవాళ్లు. అందుకే మాస్టారని పేరు. మా ఆయన పోయి నాలుగేళ్లు. బడి మూసేశాక పెద్ద గుర్రాలను ఒక్కొక్కరు వచ్చి తీసుకుపోయారు. ఈయన్ని ఎవరూ అడగలేదు. అడిగినా ఇచ్చేదాన్ని కాదు.

ఇవాళ్టికి టిక్కు.

ఫిబ్రవరి 10

టిక్కు. రాత్రంతా నిలబడే ఉన్నారు.

ఫిబ్రవరి 11

మందు ఆపిల్ ముక్కలో దాచి పెట్టాను. ఆపిల్ తిని మందు ఉమ్మేశారు. పాతికేళ్లు చిన్నపిల్లలతో వేగినవారికి ఈ మోసాలు తెలియవా. తురిమిన క్యారెట్‌లో కలిపి పెడితే తిన్నారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని ఊరికే అనలేదు.

టిక్కు.

ఫిబ్రవరి 13

ఏది మంచి రోజో ముందు తేల్చుకోవాలి. తినడమా? పళ్లు అరిగిపోయాయి, గడ్డి నమిలి ఉండలు చేసి కింద పారేస్తున్నారు. అలా చూస్తే ఒక్కటీ మంచి రోజు కాదు. నడవడమా? సాల నుంచి నీళ్ల తొట్టి దాకా నలభై అడుగులు, మూడుచోట్ల ఆగుతున్నారు. అదీ కుదరదు.

మా ఆయన ఎప్పుడూ ఒకటే అనేవారు. నిలబడి ఉన్నంతసేపు గుర్రం గుర్రమే, పడుకుందంటే పని అయిపోయినట్టే. అదే ఖాయం చేశాను. పొద్దున నేను సాల తలుపు తీసేసరికి నిలబడి ఉంటే టిక్కు.

జనవరి ఇరవై నాలుగున పడుకుని ఉన్నారు. లేవబోయి, ముందుకాళ్లు చాపి, మళ్లీ కూలబడ్డారు. పక్కన మెకానిక్ షెడ్డులోంచి నలుగురు వచ్చారు, లాడాలాయన వచ్చాడు, కార్లు ఎత్తే బెల్టులు పొట్ట కిందనుంచి వేసి లేపేసరికి రెండు గంటలు పట్టింది. తుంటి దగ్గర చర్మం లేచిపోయింది. లేచాక నాలుగు కాళ్లూ వణుకుతుంటే నా వైపు చూశారు. ఆ చూపు మళ్లీ చూడటం నావల్ల కాదు.

ఆ రోజు నుంచీ పగ్గం కురచ చేసి గోడ కడియానికి కడుతున్నాను. కాలికి చుట్టుకోకుండా.

ఫిబ్రవరి 14

టిక్కు.

ఫిబ్రవరి 15

టిక్కు.

ఫిబ్రవరి 16

టిక్కు. వాన. సాల పైకప్పు ఒకచోట కారింది, బకెట్ పెట్టాను. చప్పుడుకు మాస్టారు చెవులు తిప్పుతున్నారు. చెవులు బాగానే ఉన్నాయి.

ఫిబ్రవరి 18

లాడాలాయన వచ్చి గిట్టలు చెక్కాడు. గుర్రాలకు లాడాలు వేసే పని ఈ చుట్టుపక్కల ఇప్పుడు అతనొక్కడే చేస్తున్నాడు. మా ఆయన కన్నా చిన్న, నన్ను వదినా అంటాడు. నోట్లోంచి మాట రావాలంటే పట్టకారు కావాలి.

అతను వచ్చేసరికి మాస్టారి బుగ్గలో ఇరుక్కున్న గడ్డి ఉండలు వేలితో తీసి, నోరు కడుగుతున్నాను. "గుడ్డి గుర్రానికి పళ్లు తోముతున్నావా వదినా" అన్నాడు. గుడ్డిదేం కాదు, ఎడమ కన్ను కాస్త మసక, అంతే అన్నాను. నవ్వాడు. మనిషి నవ్వి ఎన్నాళ్లయిందో, పళ్లు రెండు తగ్గాయి.

చెక్కుతూ చెక్కుతూ ముందుకాళ్ల మడమ కీళ్ల దగ్గర ఆగాడు. రెండు కాళ్లకూ ఒకేచోట పుండ్లు, పక్కులు కట్టి ఉన్నాయి. ఇవేంటి అన్నాడు. గోడకి రాసుకున్నారు అన్నాను. అతను పుండ్లను చూశాడు, గోడను చూశాడు, గోడకున్న కడియాన్ని చూశాడు, పగ్గాన్ని చూశాడు. టీ తాగి, కప్పు కడిగి బోర్లించి వెళ్లాడు. ఎప్పుడూ కడగని మనిషి ఇవాళ కప్పు ఎందుకు కడిగాడో.

టిక్కు.

ఫిబ్రవరి 20

చెల్లెలు ఫోన్ చేసింది. నాన్న పోలిక, మొదలుపెడితే ఆగదు. మోకాలి నొప్పి, కోడలి ఉద్యోగం, ఎదురింటివాళ్ల కుక్క అన్నీ అయ్యాక అసలు సంగతికి వచ్చింది. నాకోసం ఒక గది ఖాళీగా ఉంచిందట. ఆ గదిలో ఇస్త్రీ బల్లా, విరిగిన మంచమూ ఉంటాయని నాకు తెలుసు. గుర్రాన్ని వదిలి ఎలా వస్తానే అన్నాను. నాలుగేళ్లుగా అదే మాట అంటున్నాను, అది నమ్ముతోందో లేదో తెలియదు.

మాస్టారి గిట్టల సంగతి చెప్పాను.

"పోనీ అక్కా" అంది.

"పోనీ సంగతేమిటి?"

"పోనీ అంటే... పోనివ్వమంటున్నాను."

ఈ మాట మా ఇంట్లో పాత జోకు. బడికి వచ్చే తల్లులు పొట్టి గుర్రానికి ఇంగ్లీషు మాట వాడి 'పోనీ ఉందా అండీ' అని అడిగితే, 'ఇది పోనీ కాదండీ, ఉండనీ' అనేవారు మా ఆయన. చెల్లెలు వచ్చినప్పుడల్లా ఆ జోకు వేయించుకుని నవ్వేది. ఇవాళ ఇద్దరం నవ్వలేదు. పాలు పొయ్యి మీద ఉన్నాయని చెప్పి పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

టిక్కు.

ఫిబ్రవరి 22

మధ్యాహ్నం జీను కుడుతూ కిటికీలోంచి చూశాను. ఎండ సాలలోకి వస్తోంది. మాస్టారు కునుకు తీస్తున్నారు. తల మెల్లగా కిందికి, ఇంకా కిందికి. ఉన్నట్టుండి ముందుకాళ్లు రెండూ ముడుచుకుపోయి కీళ్ల మీద పడ్డారు. పగ్గం బిగుసుకుని తలను పట్టి ఆపింది. ఉలిక్కిపడి లేచారు. నేను కూడా లేచాను, సూది వేలిలో దిగింది.

గుర్రాలు నిలబడే నిద్రపోతాయి, ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. కునుకులో కాలు తడబడింది, అంతే. పగ్గమే లేకపోతే పడేవారు.

టిక్కు. పొద్దున నిలబడే ఉన్నారు కదా.

ఫిబ్రవరి 23

మళ్లీ అలాగే, రెండుసార్లు. కీళ్లకు గుడ్డ చుట్టాను. టిక్కు.

ఫిబ్రవరి 26

ఇవాళ నేను మనుషులతో మాట్లాడింది రెండు మాటలు. కొట్లో "అరలీటరు పాలు", మెకానిక్ షెడ్డు దగ్గర "ఆ, బాగానే ఉన్నాడు". మిగతాదంతా మాస్టారితోనే. ఆయన వింటారు. మధ్యలో మోకాలి నొప్పి గురించి చెప్పరు.

కుట్టాల్సిన జీను ఒకటి బల్ల మీద రెండు రోజులుగా ఉంది. కడుపుపట్టీ కుట్లన్నీ ఊడదీసి మళ్లీ వేయాలి. రెండు సూదులతో రెండువైపులనుంచీ ఒకే రంధ్రంలోకి లాగే కుట్టు, మా ఆయనే నేర్పారు. ఎదురుగా ఒకరు కూర్చుని తోలు పట్టుకుంటే సగం పని. ఇప్పుడు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుంటున్నాను.

పొద్దున ఐదుకు లేస్తున్నాను. వాడికి మేత వేయాలని లేస్తున్నాను. వాడు లేకపోతే ఎందుకు లేవాలో నాకు తెలియదు. లేవకపోయినా అడిగేవాళ్లెవరూ లేరు. జీను వాళ్లు రెండు రోజులు తలుపు తట్టి ఇంకొకరి దగ్గరికి పోతారు.

వాడు అని రాశాను. కొట్టేయను. మా ఇద్దరి మధ్యా ఎవరున్నారు గనక మర్యాదలకు.

టిక్కు.

మార్చి 1

ఇంటూ. పొద్దున నుంచీ ఏమీ ముట్టలేదు. తొట్టి దాకా కూడా రానన్నాడు. నీళ్లు బకెట్‌తో తెచ్చి మూతి కింద పెట్టాను.

సాయంత్రం. క్యారెట్ తురుము గుప్పెడు తిన్నాడు. ఇంటూ మీద టిక్కు దిద్దాను. డైరీ నాదే కదా.

మార్చి 3

డాక్టరమ్మ తనే ఫోన్ చేసింది. గుర్తులు ఎలా ఉన్నాయమ్మా అంది. అన్నీ టిక్కులే అన్నాను. అన్నీనా అంది. ఆ, అన్నీ. ఆశ్చర్యపడింది, సంతోషపడింది కూడా పాపం. మందు పనిచేస్తున్నట్టుంది, అయితే పదమూడున వచ్చి చూస్తాను అంది.

అబద్ధం చెప్పలేదు. టిక్కులే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

మార్చి 6

రాయకూడదనుకున్నాను. ఈ డైరీ మాస్టారి కోసం, మా ఆయన కోసం కాదు. అయినా పొద్దున నుంచీ అదే గుర్తొస్తోంది.

ఆసుపత్రిలో మా ఆయన మొదటిరోజే అన్నారు, ఇంటికి పోదాం అని. గొంతులో గొట్టం వేయకముందు. రేపు పోదాం అన్నాను. పెద్ద డాక్టరు నన్ను బయటికి పిలిచి, యంత్రం పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు, మీరే చెప్పాలి అన్నాడు. ఏం చెప్పాలో ఆ డాక్టరు గొంతులోనే ఉంది, నాకు వినపడింది. పెట్టండి అన్నాను. పదకొండు రోజులు. రోజూ పొద్దున వెళ్లి, ఇవాళ రంగు బాగుంది, ఇవాళ వేలు కదిపారు అని నర్సుకు చెప్పేదాన్ని. ఆమె తలూపేది. ఆయన కళ్లు నా వెనకున్న తలుపు వైపు ఉండేవి.

నేను ఆయన కోసం పెట్టమనలేదు. ఖాళీ ఇంటి తాళం తీయాల్సి వస్తుందని పెట్టమన్నాను. ఈ మాట చెల్లెలితో కూడా ఎప్పుడూ అనలేదు.

మాస్టారి సంగతి వేరు. మాస్టారు నిలబడి ఉన్నాడు.

మార్చి 7

టిక్కు.

మార్చి 8

టిక్కు. నిలబడ్డాడు.

మార్చి 10

గుడ్డలు విప్పి చూస్తే పుండ్లు పెద్దవయ్యాయి. మూతి మీద కూడా తాడు ఒరిసిన గాటు. తాడుకు మెత్తని తోలు తొడుగు కుట్టి వేశాను. చాలా బాగా కుదిరింది. కుట్టు చూస్తే మా ఆయన మెచ్చుకునేవారు.

టిక్కు.

మార్చి 14

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. నిన్న చేతకాలేదు.

డాక్టరమ్మ పదింటికి వచ్చింది. నేను గుడ్డలు విప్పి పెట్టే ఉంచాను, దాచేదేమీ లేదని చూపించుకోవడానికి. ఆమె వంగి పుండ్లు చూసింది. తర్వాత కంటి రెప్పలు ఎత్తి చూసింది. తర్వాత అలాగే చతికిలబడి, చాలాసేపు వాణ్ని చూస్తూ ఉండిపోయింది. మేమిద్దరం చూస్తుండగానే వాడి తల కిందికి వాలడం మొదలుపెట్టింది. కాళ్లు మడతపడ్డాయి, పగ్గం లాగింది, ఉలిక్కిపడి లేచాడు.

ఎన్నాళ్ల నుంచి పడుకోలేదమ్మా అంది. జనవరి ఇరవై నాలుగు నుంచి అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను.

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, నాకూ నోరుంది, తిరిగి అనేదాన్ని. మెల్లగా చెప్పింది. నిలబడి గుర్రాలు తీసేది కునుకేనట. అసలు నిద్ర పడుకుంటేనే వస్తుందట. రోజుకు అరగంటైనా పడుకోవాలి, లేకపోతే కొన్నాళ్లకు నిద్ర ఆపుకోలేక నిలబడ్డచోటే ఇలా కూలిపోతాయట. ఆ పుండ్లు గోడవి కావు, నేలవి. పైగా ఆ గిట్టల నొప్పికి కాస్త ఉపశమనం కావాలంటే కాళ్ల మీద బరువు లేకుండా పడుకోవడమొక్కటే దారి. అది చెబుతూ మధ్యలో ఆపేసింది.

నలభై ఎనిమిది రాత్రులు. వేళ్ల మీద లెక్కపెట్టాను, ఆమె ముందే.

"మీరు తెలిసి చేయలేదు కదమ్మా" అంది.

"సగం తెలుసు" అన్నాను. "పడుకుంటే లేవడని కట్టాను. లేవకపోతే మీకు ఫోన్ చేయాల్సి వస్తుందని కట్టాను."

ఆమె నా మోచేయి పట్టుకుంది. వెళ్లాల్సిన చోట్లు ఇంకా రెండున్నాయి, నాలుగింటికి మళ్లీ వస్తాను, అప్పుడు ఏం చేద్దామో మీరు చెప్పండి అంది. నొప్పికి ఒక సూది వేసి వెళ్లింది.

పగ్గం నేనే విప్పాను. ముడి బిగుసుకుపోయి ఉంది, కత్తితో కోద్దామనుకున్నాను, కానీ వేళ్లతోనే విప్పాను. ఉన్న ఎండుగడ్డి కట్టలన్నీ తెంచి మోకాలి లోతున పరిచాను. వాడు గడ్డిని వాసన చూశాడు. నన్ను చూశాడు. పడుకోబోతే తట్టి లేపుతానని భయపడ్డాడేమో, ఒకసారి వంగబోయి ఆగాడు. నేను వెనక్కి వెళ్లి గోడవారగా కూర్చున్నాను. అప్పుడు ముందుకాళ్లు మడిచి, పెద్దగా మూలిగి, పడుకున్నాడు. ముందు పొట్ట మీద. తర్వాత పక్కకు ఒరిగి, తల కూడా గడ్డిలో పెట్టేశాడు. నిమిషంలో గురక. మా ఆయన గురక పెట్టేవారు గానీ ఇంత కాదు.

మూడున్నర గంటలు పడుకున్నాడు. మధ్యలో కాళ్లు ఆడాయి, పెదవులు కదిలాయి. ఎక్కడికి పరిగెత్తాడో. వాడి ముఖం చూస్తే నాకు ఏడుపు ఆగలేదు. ఏడ్చాను, గట్టిగానే, అయినా వాడు లేవలేదు. తర్వాత ఇంట్లోకి వెళ్లి ఈ డైరీ తెచ్చుకుని, వాడి పక్కనే కూర్చుని ఫిబ్రవరి తొమ్మిది నుంచీ ఒక్కొక్క టిక్కునూ ఇంటూ చేశాను. ముప్పై రెండు. ఒక్కటి కూడా వదల్లేదు. పదోతారీఖున తోలు తొడుగు గురించి రాసింది చదివి, ఆ పేజీ మీద చాలాసేపు పెన్ను ఆగిపోయింది.

నాలుగింటికి ముందే లాడాలాయన వచ్చాడు. డాక్టరమ్మ చెప్పిందట. అతని వెనక మెకానిక్ షెడ్డు నలుగురూ ఉన్నారు, భుజాల మీద బెల్టులు. అడగకుండానే వచ్చారు. చేతులు కూడా కడుక్కుని వచ్చారు, వాడికి నూనె అంటుతుందని.

జనం చప్పుడుకు వాడికి మెలకువ వచ్చింది. మనుషులు రాగానే లేచి నిలబడటం వాడికి పాతికేళ్ల అలవాటు, పిల్లలు ఎక్కాలి కదా. తల ఎత్తాడు. ముందుకాళ్లు చాపి, గిట్టలు నేలకు ఆనించాడు. ఒళ్లంతా వణికింది. నడుము లేవలేదు. మళ్లీ ప్రయత్నించాడు.

"లేపుదామా వదినా" అన్నాడు లాడాలాయన. నలుగురూ బెల్టులు దించారు.

లేపొచ్చు. జనవరిలో లేపారు. లేపితే ఇంకో వారం, ఇంకో పది రోజులు. పొద్దున ఐదుకు లేవడానికి నాకొక కారణం. నోట్లోంచి 'ఊ' అన్నది రాబోయింది, అది నాకు తెలుసు, ఇక్కడ అబద్ధం రాయను.

"వద్దు" అన్నాను. "పడుకోనివ్వండి."

వెళ్లి వాడి మెడ మీద చెయ్యి వేసి కిందికి నొక్కాను. లేవొద్దు, లేవొద్దు అన్నాను. ఇన్నేళ్లలో వాడితో లే అని ఎన్ని వేలసార్లు అన్నానో. లేవొద్దనడం ఇదే మొదలు. ఆ మాట వాడికి తెలియదు, చెయ్యి మాత్రం తెలిసింది. కాళ్లు ముడుచుకున్నాడు. తల తెచ్చి నా ఒళ్లో పెట్టాడు, బరువంతా వదిలేసి.

డాక్టరమ్మ వచ్చేసరికి అలాగే ఉన్నాం. నన్ను ఒక్కసారి చూసింది, అడగలేదు. ముందు మత్తు సూది, తర్వాత రెండోది అని చెప్పింది. ఆ నలుగురూ బయటికి వెళ్లి నిలబడ్డారు, లాడాలాయన తలుపు దగ్గర టోపీ తీసి పట్టుకున్నాడు. నేను వాడి చెవి వెనక గోకుతూ, వాడు నేర్పిన పిల్లల పేర్లు గుర్తున్నంతవరకూ చెప్పాను. పదిహేనో పదహారో పేరు దగ్గర డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి విని, అయిపోయిందమ్మా అంది. నేను ఇంకో రెండు పేర్లు చెప్పాను.

నాలుగూ ఇరవై.

మా ఆయన్ని కూడా ఇలా పంపాల్సింది. ఇంటికి తెచ్చి, నా ఒళ్లో.

మార్చి 15

ఐదింటికి మెలకువ వచ్చింది. క్యారెట్ తురిమాను. సగం తురిమాక గుర్తొచ్చింది.

మార్చి 16

చెల్లెలు రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

మార్చి 18

సాల శుభ్రం చేద్దామని మధ్యాహ్నం చీపురు పట్టుకుని వెళ్లాను. వాణ్ని ఎత్తుకెళ్లి పూడ్చిన రోజు నుంచీ గడ్డి అలాగే ఉంది. వాడు పడుకున్నచోట గుంట కూడా అలాగే ఉంది. ఎండ పడుతోంది. ఒక్క నిమిషం కూర్చుందామని ఆ గుంటలో కూర్చున్నాను. నడుం వాల్చాను. అంతే తెలుసు.

లేచేసరికి ఎండ గోడ ఎక్కింది. నా కాళ్ల మీద తోలు ఏప్రన్ కప్పి ఉంది, లాడాలు కొట్టేటప్పుడు లాడాలాయన కట్టుకునేది. ఎప్పుడు వచ్చాడో, ఎంతసేపు ఉన్నాడో తెలియదు. వంటింట్లో కప్పు తీసిన జాడ లేదు, అంటే టీ కూడా పెట్టుకోలేదు. కప్పి, వెళ్లిపోయాడు.

కోపం వచ్చింది. లేపితే ఏం పోయేది? ఐదు రోజులైంది మనిషి గొంతు విని. వదినా అని ఒక్క కేక వేస్తే లేచి కూర్చునేదాన్ని, టీ పెట్టేదాన్ని, అతను మాట్లాడకపోతే నేనే ఇద్దరి మాటలూ మాట్లాడేదాన్ని. ముసలి గాడిద. గడ్డిలో పడుకున్న మనిషిని చూసి చప్పుడు చేయకుండా వెళ్లడమేమిటి?

అయినా పడుకోనిచ్చాడు. జనవరి నుంచి నేను ఇంత నిద్రపోలేదు.

ఏప్రన్ నడుం పట్టీ కుట్టు ఒకచోట ఊడి వేలాడుతోంది. ఎన్నాళ్లనుంచి అలా తిరుగుతున్నాడో, నోరు విప్పి అడిగితే కుట్టనా. రేపు పొద్దున కుట్టేస్తాను. ఇచ్చి రావాలంటే వాళ్లింటికి రెండు బస్సులు మారాలి, వెళ్తాను.